తిథి తప్పని వింత మృగాలు



నేనుండేది ఛత్తీస్‌గఢ్‌లోని ధర్సీవాలో. రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్లే రోడ్డు మీద, సిల్తరా ఇనుప ఫ్యాక్టరీల పొగగొట్టాలు దాటాక వస్తుంది. ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో మన తెలుగువాళ్లు మొదటిసారి చూసి ఉలిక్కిపడే సంగతి ఒకటుంది. చాలా ఊళ్లలో, ఊరి బయట మెట్ట మీద, రావణాసురుడు ఏడాది పొడుగునా నిలబడే ఉంటాడు. వెదురుబద్దలతో కట్టి, కాగితం అతికించి, దసరా రాత్రి తగలబెట్టే రావణుడు వేరు. ఈయన ఒకప్పుడు మట్టివాడు, ఇప్పుడు సిమెంటువాడు. వానాకాలమంతా నాచు పట్టి పచ్చబడిపోతాడు. ఆశ్వయుజం వచ్చిందంటే పెయింటరు నిచ్చెన వేసుకుని ఎక్కి, నాచు గీకి, మీసాలకు నలుపు, కిరీటానికి పసుపు పూస్తాడు. విజయదశమి సాయంత్రం రాముడి వేషం కట్టిన కుర్రాడు వచ్చి బాణం వేస్తాడు. సిమెంటు రావణుడు పడడు. పడినట్టు ఊరంతా ఒప్పుకుంటుంది. మర్నాడు పొద్దున్నుంచి ఆయన వైపు చూసేవాడుండడు.

అలాంటి మైదానాన్ని ఇక్కడ రావణ్‌భాఠా అంటారు. రాయ్‌పూర్ నగరంలోనే ఆ పేరుతో పేట ఉంది. అదే నగరంలో రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్‌ఎస్ కాలనీలో వంద అడుగులు దాటిన దిష్టిబొమ్మను కట్టి కాలుస్తారు. ఒకడు బూడిదవుతాడు, ఇంకొకడు నిలబడతాడు. ఇద్దరికీ ఏడాదికి ఒక్కటే రోజు.

ఈ పది తలల మనిషిని బొమ్మ కట్టడంలో ఒక తిరకాసు ఉంది. నడిమి తల ఒకటి పోతే మిగిలేవి తొమ్మిది. తొమ్మిది బేసి. కుడికి నాలుగు, ఎడమకు ఐదు పెడితే బొమ్మ ఒకవైపు ఒరుగుతుంది. అటూ ఇటూ నాలుగేసి పెడితే ఒక తల మిగిలిపోతుంది. ఉత్తరాదిన కొన్నిచోట్ల ఆ మిగిలిన తలను నెత్తి మీదికి ఎక్కించి, దాన్ని గాడిద తల చేసేస్తారు. పని జరిగింది, వెక్కిరింతా జరిగింది. అనంతపురం ప్రాంతపు నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేసేవాళ్లకూ ఈ లెక్కతో పని పడుతుంది. వాళ్ల బొమ్మల్లో చేతులు విడిగా కోసి, కీలు దగ్గర దారంతో కుడతారు. దీపం ముందు ఆడించాలి గనక. లెక్క తప్పితే ప్రేక్షకుడు ఊరుకోడు. పది తలలంటే పదే.

ఇవాళ నేను మాట్లాడదలచుకున్నది ఇలాంటి జీవాల గురించే. పండగలతో పాటు వచ్చి వెళ్లే మృగాలు, పాములు, పక్షులు. అడవిలో ఎక్కడా లేనివి. వాటితో పాటు, ఇప్పుడు పిల్లలు కంప్యూటరు తెర మీద గీస్తున్న డ్రాగన్లు. ఈ రెంటికీ సంబంధం ఏమిటా అనిపించవచ్చు. నాకు కనిపించినది చెబుతాను.

ముందు పాముల సంగతి. ధర్సీవాలో స్థిరపడిన తెలుగింటికి నాగపూజ ఏడాదికి రెండుసార్లు వస్తుంది. ఇక్కడివాళ్లతో పాటు శ్రావణ శుద్ధ పంచమి, మనవాళ్లతో పాటు కార్తీక శుద్ధ చవితి. రాయ్‌పూర్ ప్రాంతానికి వచ్చిన తెలుగువాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం వైపువాళ్లు ఎక్కువ. విజయనగరం నుంచి పార్వతీపురం మీదుగా రాయ్‌పూర్ రైలుదారి 1931లో పూర్తయింది, అందులో వచ్చిన కుటుంబాలు చాలానే. వాళ్లకు నాగులచవితి నాడు పుట్టలో పాలు పోయకపోతే పండగ అయినట్టు కాదు. చిమ్మిలి, చలిమిడి ఉండాల్సిందే. ఇక్కడ పుట్ట వెతుక్కోవడమే కష్టం, ఫ్యాక్టరీ గోడల మధ్య.

ఈ రెండు తిథులూ పొలానికి బాగా తెలిసినవి. శ్రావణంలో కన్నాల్లోకి నీళ్లు చేరి పాములు గట్ల మీదికి వస్తాయి, నాటు వేసే కాళ్లకు అడ్డం పడతాయి. కార్తీకంలో వాన వెనక్కి తగ్గుతుంది, వరి కంకి బరువెక్కుతుంది, కోత కొడవలి పట్టే చేతి దగ్గర ఎలుక కోసం వచ్చిన పాము ఉంటుంది. భయం ఎప్పుడు ఎక్కువో అప్పుడే పూజ పెట్టారు మన పెద్దలు. ఆ తర్వాత ఆ పాముకు ఏడు పడగలు తొడిగి, నెత్తిన మణి పెట్టి, పడగల మీద భూమిని నిలిపింది కవులు.

ఈ వైపు పెద్దవాళ్లను అడిగితే నాగపంచమి నాడు బడిలో పలకల పండగ జరిగేదని చెబుతారు. పిల్లలు ఇంటి దగ్గర పలక కడిగి, దాని మీద నాగుపామును గీసుకుని బడికి పట్టుకెళ్లేవారు. పంతులుగారు పలకలన్నీ వరసగా పెట్టించి, పూలు వేయించి, కొబ్బరికాయ కొట్టించేవారు. గీతరాని పిల్లవాడికి పాము కలిసొచ్చిన బొమ్మ. ఒక మెలికల గీత, చివర పడగ, రెండు చుక్కల కళ్లు. మర్నాడు ఎక్కాలు రాయాలి కదా, తడిగుడ్డతో తుడిచేసేవారు. ఇప్పుడు అదే ఈడు పిల్లవాడు చదునుగా పలకలాగే ఉండే ట్యాబ్ మీద పెన్నుతో నాగుపామును గీస్తున్నాడు. పొలుసులకు ఒక లేయరు, నీడకు ఒక లేయరు, మణి వెలుగుకు ఇంకొకటి. ఆ బొమ్మను ఎవరూ తుడవరు. ఫోన్లో ఉండిపోతుంది, మాఘమాసంలోనూ.

పాము ఇక్కడ రాజవంశం కూడా అయింది, అందులో తెలుగు కూడా ఉంది. దక్షిణాన బస్తరును పదకొండో శతాబ్దం నుంచి ఏలిన ఛిందక నాగులు తమను తాము నాగవంశోద్భవులమని, భోగవతీపురవరేశ్వరులమని శాసనాల్లో చెప్పుకున్నారు. భోగవతి అంటే పాతాళంలో నాగుల రాజధాని. అంటే జగదల్‌పూర్ అడవుల్లో కూర్చుని, మా ఊరు పాతాళం అని రాయించుకున్నారన్నమాట. వాళ్ల లాంఛనం మాత్రం పిల్లతో ఉన్న పులి. నాగు, పులి ఒకే ఇంట్లో. ఈ వంశపు జగదేకభూషణుడి కాలంలో, 1060 ప్రాంతంలో, ఆయన సామంతుడైన తెలుగు చోడుడు చంద్రాదిత్యుడు బార్సూరులో గుడి కట్టించి వేయించిన శాసనం తెలుగులోనే ఉంది. ఆ తర్వాత ఓరుగల్లు కాకతీయుల వాడైన అన్నమదేవుడు వచ్చి బస్తరును ఏలాడు. ఆ వంశం ఆదరించిన బస్తర్ దసరా డెబ్బై అయిదు రోజుల పండగ. అందులో రావణుణ్ణి కాల్చడమనేది లేనే లేదు, అంతా దంతేశ్వరి అమ్మవారిదీ రథానిదీ. ధర్సీవాలో సిమెంటు రావణుడు, బస్తరులో రావణుడి ఊసే ఉండదు. ఒకే రాష్ట్రం, ఒకే దసరా.

ఇప్పుడు నాకు చాలా ఇష్టమైన చోటికి వస్తాను. మా ఊరి నుంచి అదే బిలాస్‌పూర్ రోడ్డులో పైకి వెళ్లి పక్కకు తిరిగితే మణియారి నది ఒడ్డున తాలా అనే చోటు ఉంది. అక్కడ దేవరానీ, జేఠానీ అని రెండు పాత గుళ్లు. అంటే తోడికోడళ్ల గుళ్లు. 1988లో దేవరానీ గుడి దగ్గర రాళ్లూ మట్టీ తొలగిస్తుంటే ఒక విగ్రహం బయటపడింది. దాదాపు తొమ్మిది అడుగుల ఎత్తు, టన్నుల కొద్దీ బరువు, పదిహేను వందల ఏళ్ల నాటిది. రుద్రశివుడని పిలుస్తున్నారు గానీ, ఆ పేరు మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. చూస్తే ఎందుకు లేదో తెలుస్తుంది.

దూరం నుంచి చూస్తే ఒక బలిష్ఠుడు నిలబడినట్టుంటుంది. ఒక్కొక్క అడుగే దగ్గరికి వెళ్లండి. తలపాగా అనుకున్నది చుట్టలు చుట్టుకున్న పాములు. ముక్కు అనుకున్నది కిందికి దిగుతున్న బల్లి. మీసం రెండు చేపలు. గడ్డం ఎండ్రకాయ. చెవుల దగ్గర నెమళ్లు. భుజాలు మకరాల నోళ్లు, ఆ నోళ్లలోంచే చేతులు బయటికి వస్తున్నాయి. ఛాతీ మీద రెండు మనిషి ముఖాలు, పొట్ట మొత్తం కలిసి ఒక పెద్ద ముఖం, తొడల మీద మరికొన్ని ముఖాలు. మోకాలి చిప్పలు సింహాల తలలు. ఇన్నీ కలిసినా అది జంతుప్రదర్శనశాలగా చెదిరిపోలేదు. అక్కడ నిలబడ్డవాడు ఒక్కడే, వాడు మనవైపే చూస్తున్నాడు.

అందులో శిల్పి తెలివి ఎక్కడుందంటే, ఏ జంతువునూ ఊరికే అతికించలేదు. మీసం వంపు చేప వంపు. ముక్కు దూలం మీద బల్లి వీపు సరిగ్గా కూర్చుంటుంది. ఎండ్రకాయ డొప్ప గడ్డమంత వెడల్పు. పోలిక కుదిరిన చోటే పెట్టాడు. మణియారి ఒడ్డున రోజూ కళ్లబడే ప్రాణులే సగం. చేప, ఎండ్రకాయ, పాము, నెమలి. ఎవరూ చూడని దేవుణ్ణి అందరూ చూసిన జీవాలతో కట్టాడు.

వింతమృగాల తయారీ లోకమంతా ఇలాగే సాగింది. పక్కనే ఒడిశాలో నవగుంజరం ఉంది. పదిహేనో శతాబ్దంలో సరళదాసు ఒడియా మహాభారతంలో కృష్ణుడు ఆ రూపంలో అర్జునుడికి కనబడతాడు. కోడి తల, నెమలి మెడ, ఎద్దు మూపురం, సింహం నడుము, పాము తోక. కాళ్లు ఏనుగుదొకటి, పులిదొకటి, గుర్రానిదో లేడిదో ఒకటి. నాలుగోది కాలు కాదు, తామర పట్టిన మనిషి చెయ్యి. అర్జునుడు బాణం ఎక్కుపెట్టి, ఆ చెయ్యి చూసి దించేశాడట. చైనా డ్రాగన్‌కూ అక్కడి పాతగ్రంథాల్లో తొమ్మిది పోలికలు చెప్పారు. జింక కొమ్ములు, ఒంటె తల, పాము మెడ, కార్పు చేప పొలుసులు, గద్ద గోళ్లు, పులి పంజాలు, ఇలా. తాలా శిల్పిని చైనా తీసుకెళ్లి ఆ పట్టీ చేతికిస్తే మధ్యాహ్నం భోజనం వేళకి పని మొదలుపెట్టేవాడు.

అంతకంటే ముఖ్యం, చైనా డ్రాగన్ కూడా కాలం చూసుకుని తిరిగే ప్రాణి. సుమారు క్రీస్తుశకం 100లో షు షెన్ కూర్చిన నిఘంటువులో, అది వసంత విషువత్తుకు ఆకాశానికి లేస్తుందనీ, శరద్విషువత్తుకు మడుగులోకి దిగుతుందనీ ఉంది. వాళ్ల రెండో నెల రెండో రోజున డ్రాగన్ తల ఎత్తే పండగ ఇప్పటికీ చేసుకుంటారు, వానలు రావాలని. మన కార్తీక నాగుకూ దానికీ వరసలు కలపను గానీ, వానతో లేచి వానతో దిగే పొడుగాటి ప్రాణి వరి పండే దేశాలన్నిటికీ అవసరమైందని మాత్రం తెలుస్తుంది. యూరప్‌ది నిప్పు కక్కే జాతి, గుహలో బంగారం కాపలా కాస్తుంది. దానికీ తిథి ఉంది. బెల్జియంలో మోన్స్ నగరంలో ట్రినిటీ ఆదివారం నాడు వెదురుబుట్టలాంటి పెద్ద డ్రాగన్ బజారులోకి వస్తుంది, సెయింట్ జార్జి దానితో యుద్ధం చేస్తాడు, జనం తోక మీద పడి వెంట్రుకలు పీక్కుంటారు, అదృష్టం కోసం. మళ్లీ ఏడాది దాకా దాని మొహం ఎవరికీ కనబడదు.

మన ఇళ్లలోకి అలాంటి డ్రాగన్ ఎప్పుడొచ్చిందంటే, నా లెక్కలో చందమామతో. 1954లో దాసరి సుబ్రహ్మణ్యంగారి 'తోకచుక్క' మొదలైంది, ఆ తర్వాత 'మకరదేవత', ఇంకా ఎన్నో. వాటికి బొమ్మలు చిత్ర అనే చిత్రకారుడివి. పొలుసులు, కోరలు, రెక్కలు, అన్నీ నల్ల గీతలో. ఆ మృగానికీ ఒక తిథి ఉండేది. నెల మొదట్లో పత్రిక వస్తేగాని రాదు. నోరు తెరిచి మీదికి దూకబోతుండగా 'ఇంకా ఉంది' అని పడేది. పిల్లలు నెలంతా ఆ నోటిముందే నిలబడి ఉండేవారు. ఆ భయం నెలరోజులు పాడవకుండా ఉండేదంటే దానికి కారణం గీత ఒక్కటే కాదు, ఎదురుచూపు కూడా.

సరే, కంప్యూటరు సంగతికి వద్దాం. బ్లెండర్, క్రీటా లాంటి సాఫ్ట్‌వేర్లు డబ్బు కట్టకుండానే దొరుకుతున్నాయి. అనుభవం ఉన్నవాళ్లు డ్రాగన్‌ను ఎలా కడతారో దగ్గర కూర్చుని చూడండి, సరదాగా ఉంటుంది. మొదట అస్థిపంజరం. దానికి కీళ్లు, దీన్నే రిగ్గింగ్ అంటారు. తోలుబొమ్మకు మోచేతి దగ్గర దారం కుట్టినవాడు చూస్తే కొత్తేమీ కాదు ఇది. ఆ తర్వాత కండ, ఆపైన చర్మం, పొలుసు. ఇక్కడే పెద్ద చర్చ వస్తుంది. నాలుగు కాళ్లూ రెండు రెక్కలూ ఉన్న జంతువుకు రెక్క ఆడించే కండ ఎక్కడ అతకాలి? ముందుకాళ్ల కండ అప్పటికే భుజం మొత్తం ఆక్రమించేసింది. అందుకే 2011లో వచ్చిన గేమ్ ఆఫ్ థ్రోన్స్‌లో డ్రాగన్లకు ముందుకాళ్లు తీసేసి, గబ్బిలంలా రెక్కలనే కాళ్లుగా చేశారు. మన గరుత్మంతుడికీ ఇదే చిక్కు, చేతులూ రెక్కలూ రెండూ ఉన్నాయి. మన శిల్పి నిదానంగా ఒక భుజకీర్తి తొడిగేసి ఊరుకున్నాడు. తిరుమల బ్రహ్మోత్సవాల ఐదో రోజు రాత్రి గరుడవాహనం కదులుతుంటే, రెక్క ఎక్కడ అతికిందని లక్షల్లో ఒక్కరు అడిగినట్టు నేను వినలేదు.

ఇది చేతిపని. ఈ మధ్య మాటలతో అడిగితే బొమ్మ ఇచ్చే యంత్రాలు వచ్చాయి. వాటిని తిట్టడం ఫ్యాషన్ గనక నేను తిట్టను. ఒక్క విషయం చెబుతాను. పది తలల రావణుణ్ణి అడగండి. ఏడు రావచ్చు, పదకొండు రావచ్చు, కిరీటంలో ఇంకో రెండు ముఖాలు కలిసిపోయి ఉండొచ్చు. లక్షల బొమ్మల్లోని పోలికలను కలిపి, రంగు చుక్కల గందరగోళంలోంచి బొమ్మను తేల్చడం దానికి వచ్చిన విద్య. వేళ్లు మడిచి లెక్కపెట్టడం ఇంకా సరిగ్గా పట్టుబడలేదు. రోజురోజుకీ మెరుగవుతోంది, రేపు పట్టుబడవచ్చు కూడా. కానీ తాలా శిల్పి మీసం దగ్గర ఆగి, ఇక్కడ చేప పెట్టాలని అనుకున్నాడే, ఆ 'ఇక్కడ' ఎవరో ఒకరు నిర్ణయించాలి. యంత్రం ఇచ్చే డ్రాగన్ చాలాసార్లు ఏ ఊరిదీ కాదు, ఏ నెలదీ కాదు. నాగపంచమికి శుభాకాంక్షల బొమ్మ అడిగితే హిమాలయాల్లాంటి కొండలు, నీలి వెలుగు, ఆస్ట్రేలియా కొండచిలువ మీద పడగ. వాట్సాప్‌లో మా బంధువులే ఇలాంటివి పంపిస్తారు. నాగుపాము పడగ కింద మెడ ఎంత సన్నగా ఉంటుందో మా పొలాల్లో పనిచేసే ఆడవాళ్లనడిగితే చెబుతారు.

నన్ను ఆశ్చర్యపరిచిన సంగతి ఇంకొకటుంది. ఏ తిథీ అక్కర్లేని, రాత్రీ పగలూ తేడా లేని ఇంటర్నెట్‌లో, బొమ్మలు గీసేవాళ్లు తమంతట తామే పంచాంగం పెట్టుకున్నారు. మే నెలలో మత్స్యకన్యలను గీస్తారు. మెర్‌మే అని 2016 నుంచి నడుస్తోంది. అక్టోబరులో రోజుకొక సిరాబొమ్మ. ఇంక్‌టోబర్, 2009లో జేక్ పార్కర్ అనే చిత్రకారుడు మొదలుపెట్టాడు. ఆగస్టులో డ్రాగన్లు, 1937 నాటి టోల్కీన్ నవల హాబిట్‌లో స్మాగ్ అనే డ్రాగన్ ఉంది, దాని పేరు ఆగస్టుకు తగిలించి స్మాగస్ట్ అన్నారు. నెల పొడుగునా రోజుకొక డ్రాగన్. సెప్టెంబరు ఒకటిన అందరూ పెన్ను కింద పెట్టేస్తారు. చెప్పడానికి ఏ పురోహితుడూ లేడు, కానీ నియమం కుదిరింది. ఎప్పుడు పడితే అప్పుడు గీయగలిగిన మృగం ఎప్పటికీ గీయకుండా మిగిలిపోతుందని వాళ్లకు అర్థమయింది కాబోలు.

ఆ ఆగస్టే మనకు సాధారణంగా శ్రావణం. నాగపంచమి చాలా ఏళ్లు ఆ నెలలోనే పడుతుంది. శ్రావణ అమావాస్యకు ఇక్కడ పోరా పండగ. మన పోలాల అమావాస్యా ఆ రోజే. కుమ్మరివాళ్లు మట్టి ఎద్దులకు కాళ్ల కింద నాలుగు మట్టి చక్రాలు బిగించి సంతలో అమ్ముతారు, నందియా బైలా అంటారు. పిల్లలు తాడు కట్టి వీధుల్లో లాక్కెళతారు. చక్రాల కాళ్ల ఎద్దు కూడా వింతమృగమేగా. ఆ తర్వాత దీపావళికి గోండుల గౌరా గౌరీ; మట్టితో చేసి, గౌరాను ఎద్దు మీద, గౌరిని తాబేలు మీద ఎక్కించి, ఊరేగించి, చెరువులో కలిపేస్తారు. విజయనగరం సిరిమానోత్సవంలో సిరిమాను ముందు నడిచే తెల్ల ఏనుగు దసరా తర్వాతి మంగళవారానిది. ఏడాదంతా ఎక్కడా ఖాళీ లేదు.

కాబట్టి గీసే పిల్లలెవరైనా వింటుంటే, ఈసారి ఆగస్టుకు ఒక పని చేసి చూడండి. ముప్ఫైఒక్క డ్రాగన్లకు బదులు మన వరస పెట్టుకోండి. పంచమికి వాసుకి, అదీ అయిదు పడగలతో. తిరుమల చిన్నశేషవాహనానికి అన్నే ఉంటాయి. అమావాస్యకు చక్రాల నంది. మధ్యలో ఒక వారం తాలాకు ఇవ్వండి; రోజుకొక అవయవం, మొదట మీసం. నవగుంజరానికి ఒక పూట చాలదు, రెండు తీసుకోండి. మిగిలిన రోజులకు గండభేరుండం, శరభం, యాళి, మకరతోరణం మీది మకరం ఉండనే ఉన్నాయి. మకరాన్ని గీసేటప్పుడు తోక దగ్గర ఇబ్బంది పడతారు, అందరూ పడ్డారు. పాత శిల్పుల్లో చాలామంది దాన్ని తీగలుగా, ఆకులుగా మార్చి తప్పించుకున్నారు. మీరూ అలాగే తప్పించుకోవచ్చు, లేదా సొంతంగా ఏదైనా ఆలోచించవచ్చు. ఇంకో దారి దొరికితే మాకూ చూపించండి.